మాలతి టీచర్ వేసిన మార్కులు

ఒక మనిషి పేరును ఒకే మధ్యాహ్నం పదకొండు చోట్ల తుడిచెయ్యాలంటే పెద్ద బలగం కావాలని మీరు అనుకోవచ్చు. అక్కర్లేదు. ఒక మెత్తటి రబ్బరు ముక్క, దాన్ని పట్టుకోవడానికి బుద్ధిమంతురాలని పేరున్న ఒక అమ్మాయి ఉంటే సరిపోతుంది. ఆ అమ్మాయిని నేనే. ఈ కథలో ప్రాణనష్టం జరగలేదు గానీ, ఒక డైనింగ్ టేబుల్ చుట్టూ ఐదుగురం కాసేపు ఊపిరి తీసుకోవడం మానేశాం. ఆ ఐదుగురిలో ఇద్దరు ఎనభై దాటినవాళ్లు కాబట్టి, ప్రాణనష్టం జరగకపోవడం కూడా నా గొప్ప కాదు.

ఇప్పుడు నేను కెనడాలో, విండ్సర్ అనే ఊళ్లో, కార్ల ప్లాంటులో తప్పులు పట్టుకునే ఉద్యోగం చేస్తున్నాను. నవ్వకండి. అప్పుడు మాత్రం హామిల్టన్‌లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చదువుతున్నాను. పేరు ప్రవళిక, ఊరు ఆర్మూరు. నేను పనిచేసే కాఫీ షాపులో షిఫ్టులు తగ్గించేసి, వారానికి ఒక్క పూట మిగిల్చారు. సరిగ్గా అప్పుడే, ఉగాది భోజనాల్లో పులిహోర లైనులో నా ముందు నిలబడ్డ కామేశ్వరి ఆంటీ నా ముఖం చూసి సంగతి అడిగింది. చెప్పాను. వారంలో రెండు మధ్యాహ్నాలు తమ ఇంటికి వచ్చి సామాను సర్దడంలో సాయం చెయ్యమంది. వాళ్లమ్మాయి ఏజాక్స్ అనే ఊళ్లో ఉంటుందట, ఆ దగ్గరే చిన్న కాండో ఫ్లాట్‌లోకి మారుతున్నారట.

వాళ్ల ఇల్లు మౌంటెన్ మీద. హామిల్టన్‌లో ఊరి మధ్య ఉన్న ఎత్తును మౌంటెన్ అంటారు. మా వైపు అంత ఎత్తుకు పేరు కూడా పెట్టరు, బస్సు గేరు మార్చే చోటు అంటారు. ఆంటీ అక్కడి హైస్కూల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. ఆమె భర్త డాక్టర్ వల్లభరావు గారు రేడియాలజిస్టు. తెనాలి వైపు మనిషి, మాట చాలా నెమ్మది. ఉద్యోగం చేసినన్నాళ్లూ నలుపూ తెలుపూ ఎముకలే చూసి చూసి, ఇంటికి వస్తే కళ్లు రంగు కోసం ఏడ్చేవని చెప్పారు.

ఆ ఏడుపు తీర్చింది రెండిళ్ల అవతల ఉండే ఈడిత్ మాల్ట్‌బీ అనే ఆవిడ. ఆమె తన గ్యారేజీలో కారుకు బదులు ప్రింటింగ్ బల్ల పెట్టుకుని స్క్రీన్ ప్రింట్లు వేసేది. డాక్టర్ గారు ఏడాదికొకటి చొప్పున పన్నెండేళ్లలో పన్నెండు కొన్నారు. అవన్నీ ఎనభైల నాటివీ, ఆ తర్వాతివీ.

ఆ బొమ్మల గురించి చెప్పకపోతే మీకు నా నేరం తీవ్రత తెలియదు. అంతకు ముందు తరం చిత్రకారులు డబ్బాలనూ సీసాలనూ దుకాణంలోంచి నేరుగా బొమ్మల్లోకి తెచ్చారట. ఈడిత్ ఇంకో అడుగు వేసింది. ఆ డబ్బాల మీద పేర్లు తీసేస్తే ఏం మిగులుతుందో చూద్దామనుకుంది. కూడలిలో ఆగమని చెప్పే పలక మీద అక్షరాలు తీసేసింది. ఎనిమిది మూలల ఎరుపు మిగిలింది. సబ్బుపొడి అట్టపెట్టె మీద కంపెనీ పేరు తీసేసింది. పసుపు మీద మూడు నారింజ వలయాలు మిగిలాయి. హాకీ ఆడే మంచు మైదానాన్ని పైనుంచి చూసి, మంచునూ మనుషులనూ తీసేసి, నీలం గీతలు, ఎర్ర గీత, నాలుగు సున్నాలు ఉంచింది. అక్షరం లేకపోయినా అదేమిటో కన్ను గుర్తుపడుతుందని, మన కళ్లల్లో ఎన్ని దుకాణాలు కాపురముంటున్నాయో అప్పుడు తెలుస్తుందని డాక్టర్ గారు ఎంతో ఇష్టంగా వివరించారు.

నేను బుద్ధిగా తల ఊపాను. హాకీ మైదానం నాకు క్యారంబోర్డులా కనిపించింది. నా కంపాస్ బాక్సు ఇస్తే సాయంత్రానికి ఇలాంటివి నాలుగు చెయ్యగలనని కూడా అనుకున్నాను. ఆంటీ మాత్రం వాటిని మొదటి రోజు నుంచీ డబ్బాలనే అనేది. డబ్బాల మీద కాఫీ పెట్టకు, డబ్బాల పక్కన కిటికీ తియ్యకు అనేది. అలా అంటూనే వాటి మీద ఈగను కూడా వాలనిచ్చేది కాదు.

కొత్త కాండోలో గోడలు తక్కువ, కిటికీలు ఎక్కువ. అందుకని ఊళ్లో ఉన్న గ్యాలరీకి పన్నెండింటినీ ఇచ్చేస్తున్నారు. ఈడిత్ దగ్గర ఉన్న సొంత కాపీలు ఎప్పుడో పైపు పగిలి తడిసిపోయాయి. ఈ వరస మొత్తం ఒక్కచోట ఉన్నది డాక్టర్ గారి ఇంట్లోనే. గ్యాలరీ వాళ్లు ఆమె పేరుతో ఒక గది కేటాయిస్తామన్నారు. క్లేర్ అనే ఆవిడ వచ్చి అన్నీ పరిశీలించి తీసుకెళ్లాలి. ఆమె రావడానికి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ రోజు డాక్టర్ గారు ఫ్రేములన్నీ విప్పించి, కాగితాలను టేబుల్ మీద వరసగా పెట్టించారు. నా చేతులు రెండుసార్లు కడిగించారు. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లే తొందరలో, ఒక చెయ్యి కోటులో పెట్టి రెండో చెయ్యి వెతుక్కుంటూ అన్నారు:

"అమ్మా ప్రవళికా, వీటి కింద పెన్సిల్ రాతలు ఉంటాయి. అవి కాస్త చెరిపెయ్యి. వాళ్లకి నీట్‌గా ఇద్దాం."

పాఠకులారా, తెలుగులో 'కింద' అనే మాట ఎంత ప్రమాదకరమైనదో ఎవరైనా పరిశోధన చెయ్యాలి. ఆయన కింద అన్నది కాగితం అడుగున. ఏ బొమ్మ ఏ గదిలో తగిలించాలో గుర్తుకోసం వెనక వైపు ఆయనే రాసుకున్న రాతలవి. నేను కింద అని విన్నది బొమ్మ కింద. అక్కడ కూడా పెన్సిల్ రాతలున్నాయి. దేవుడు మనిషిని ముంచదలుచుకున్నప్పుడు ఏర్పాట్లు అంత పకడ్బందీగా ఉంటాయి.

మొదటి కాగితం కింద ఎడమవైపు 31/75 అని ఉంది. కుడివైపు ఒక సంతకం. రెండోదాని కింద 12/75. మూడోదాని కింద 62/75. నేను పదిహేడేళ్ల పాటు పరీక్షలు రాసిన దేశం నుంచి వచ్చిన దాన్ని. బై పక్కన డెబ్బై ఐదు కనిపిస్తే నా బుర్ర ఇంకో దారి చూడదు. ఇవి మార్కులు. ఎవరో ఈ బొమ్మలు దిద్దారు. అరవై రెండు అంటే డిస్టింక్షన్. పన్నెండంటే, పాపం, సప్లిమెంటరీ.

మరి దిద్దిందెవరు? సంతకం పరీక్షగా చూశాను. కొక్కిరిబిక్కిరిగా ఉంది గానీ పట్టుదలగా చదివితే ఇ. మాలతి అని తేలింది. అనుమానం ఇంకా కొంచెం మిగిలి ఉండగా నాలుగో కాగితం కింద A.P. అని కనిపించింది. అంతే, లెక్క సరిపోయింది. మాలతి గారు. ఆంధ్రప్రదేశ్. ఎవరో డ్రాయింగ్ టీచర్ డాక్టర్ గారింటికి చుట్టపుచూపుగా వచ్చి, ఊరికే కూర్చోలేక బొమ్మలన్నీ దిద్ది వెళ్లింది. నాకు అలాంటి మేనత్త ఒకావిడ ఉంది, అందుకే ఇందులో నాకు వింత కనిపించలేదు. గ్యాలరీ వాళ్లు వచ్చి పన్నెండు మార్కుల బొమ్మ చూస్తే డాక్టర్ గారి పరువేం కావాలి? ఆయన ఎందుకు చెరపమన్నారో నాకు పూర్తిగా అర్థమైంది.

ఇక మొదలుపెట్టాను. ఎంత జాగ్రత్తగా చేశానో తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. కాగితం నలగకుండా ఒక చేత్తో అదిమి, ఒకే దిక్కుకు, పసిపిల్లకు బుగ్గ తుడిచినట్టు తుడిచాను. రబ్బరు పొట్టును మేకప్ కుంచెతో ఊడ్చాను. నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన పని అంతకు ముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు.

ఆంటీ టీ తీసుకుని వచ్చేసరికి చివరి కాగితం నా ముందుంది. నేను సంబరంగా, పదకొండు అయిపోయాయని, ఇంకొక్కటే మిగిలిందని చెప్పాను. ఆమె టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది. ఒక కాగితం చూసింది. ఇంకోటి చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం చేశావమ్మా?"

"మార్కులు చెరిపేసిన ఆంటీ. మాలతి టీచర్ వేసినవి."

ఆంటీ నన్ను చూసిన చూపు చాలామంది పిల్లలు ఆమె క్లాసులో చూసే ఉంటారు. చాలా మెల్లగా చెప్పింది. అవి మార్కులు కావు. ఒక్కో బొమ్మను డెబ్బై ఐదు కాగితాల మీద అచ్చువేసి, ఆపైన అచ్చువేసే జాలీ గుడ్డను కడిగేస్తారు, ఇక ఇంకోటి రాదు. 31/75 అంటే ఆ డెబ్బై ఐదులో ఇది ముప్పై ఒకటోది. చిత్రకారిణి తన కోసం విడిగా ఉంచుకునే అచ్చులకు ఆర్టిస్ట్స్ ప్రూఫ్ అని పేరు. దాన్నే పొట్టిగా ఎ.పి. అని రాస్తారు. సంతకం మాల్ట్‌బీది. ఆ పెన్సిల్ రాతే ఈ బొమ్మ ఆమె చేతి మీదుగా వచ్చిందనడానికి గుర్తు.

"అయితే ఎ.పి. అంటే ఆంధ్రప్రదేశ్ కాదా ఆంటీ?" అని అడిగాను. మునిగిపోయేవాడు కూడా అంత ఆశగా గడ్డిపరక వైపు చూసి ఉండడు.

ఆంటీ డాక్టర్ గారికి ఫోన్ చెయ్యడానికి వంటింట్లోకి వెళ్లింది. ఇక్కడితో ఆగి ఉంటే నేను తెలివితక్కువ దాన్ని మాత్రమే. కానీ టేబుల్ మీద పెన్సిల్ ఉంది. చెరపని పన్నెండో కాగితం మీద అసలు సంతకం కళ్లెదుటే ఉంది. పదకొండో కాగితం కింద ఇరవై ఎనిమిది ఉండేదని, అది ఇప్పుడే చెరిపాను కాబట్టి, గుర్తుంది. వంటింట్లోంచి ఆంటీ గొంతు వినిపిస్తుండగా నేను 28/75 అని రాసి, కుడివైపున మాల్ట్‌బీ సంతకాన్ని చూసి చూసి, వంపు తర్వాత వంపుగా దింపేశాను. అద్భుతంగా వచ్చింది. ఇలాగే మిగిలిన పదీ రాసేద్దామని ఇంకో కాగితం లాక్కునేసరికి ఆంటీ అడుగుల చప్పుడు వినిపించింది. పెన్సిల్ నా జడలోకి దూరింది. ఆ కాగితాన్ని దొంతరలో మధ్యకు తోశాను.

డాక్టర్ గారు సగం దవడ మొద్దుబారి ఇంటికి వచ్చారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక కాగితాన్ని రెండు చేతులతో వెలుగులోకి ఎత్తి, ఎక్స్‌రే చూసినట్టు చాలాసేపు చూశారు. తర్వాత పరదాలు వెయ్యించి, టార్చిలైటును కాగితానికి పక్కనుంచి వాల్చి పట్టుకున్నారు. పెన్సిల్ పోయినా, అది నొక్కిన జాడ కాగితంలో ఉండిపోయింది. "మూడు. గీత. ఒకటి," అని ఆయన చదువుతుంటే ఆంటీ కాగితం మీద రాసుకుంది. విరిగిన పక్కటెముక వెతికినంత శ్రద్ధగా ఒక్కో అంకెనూ పట్టుకున్నారు.

నా కాగితం వంతు వచ్చింది. ఆయన మొద్దుబారిన మూతి కూడా కాస్త వికసించింది.

"ఇది చెరపలేదా అమ్మా? బతికించావు."

నేను తల ఊపాను. మన తల ఊపుడు ఎంత గొప్పదంటే, అది అవుననీ కాదనీ ఒకేసారి చెబుతుంది. ఆయన అవునని తీసుకున్నారు. నేను కాదని ఊపానని మనసుకు చెప్పుకున్నాను. ఆంటీ నా వైపు ఒక క్షణం చూసి, మళ్లీ కాగితం మీద అంకెలు వేసుకుంది.

మర్నాడు డాక్టర్ గారూ నేనూ ఈడిత్ దగ్గరికి వెళ్లాం. ఆమె ఇప్పుడు సరస్సు కనిపించే ఒక వృద్ధుల నివాసంలో ఉంటోంది. కిటికీలోంచి చూస్తే నీళ్లకు ఈవల స్టీలు ఫ్యాక్టరీ గొట్టాలు కూడా కనిపిస్తాయి. దారి పొడవునా కారులో నేను క్షమాపణను ఇంగ్లీషులో మూడు రకాలుగా తయారుచేసుకున్నాను. ఈడిత్ గుమ్మంలో కనిపించగానే మూడూ మరిచిపోయాను. సన్నగా, పొట్టిగా, ముదురు నారింజ రంగు స్వెటర్‌లో ఉంది. వినికిడి తక్కువ, చెవికి మిషన్ పెట్టుకుంటుంది, కాస్త పెద్దగా మాట్లాడుతుంది.

డాక్టర్ గారు, రోగి చుట్టాలకు చెప్పినట్టు, మెత్తగా రెండే వాక్యాల్లో విషయం చెప్పారు. ఆమె నా వైపు తిరిగి ఎందుకు చెరిపావని అడిగింది. అబద్ధం అల్లేంత ఇంగ్లీషు నాకప్పట్లో లేదు. అందుకని నిజమే చెప్పాను. మార్కుల సంగతి, మాలతి టీచర్ సంగతి, ఆంధ్రప్రదేశ్ సంగతి, అన్నీ.

"మొత్తం మీద నాకెన్ని వచ్చాయి?" అంది చివరికి.

"సగటున నలభై ఒకటి శాతం," అన్నాను. ఆ లెక్క నేను అప్పుడే, చెరుపుతూ చెరుపుతూ వేసి పెట్టుకున్నాను.

"మీ దగ్గర అది పాసేనా?"

"ముప్పై ఐదు వస్తే పాస్."

"ఆ రోజుల్లో పత్రికల వాళ్లు నాకు అంత కూడా వెయ్యలేదు," అని చెప్పి ఆమె నవ్వడం మొదలుపెట్టింది. వినికిడి మిషన్ ఊడి ఒళ్లో పడేదాకా నవ్వింది. దాన్ని పెట్టుకున్నాక మాలతి అంటే ఏమిటని అడిగింది. సువాసన పూలు పూసే తీగ అని చెప్పాను. మాల్ట్‌బీ అనే మాటకు తనకు తెలిసి ఏ వాసనా లేదంది. తర్వాత తన పని ఎలా చేసేదో చెప్పింది. చట్రానికి సన్నటి జాలీ గుడ్డ బిగించి, రంగు పడకూడని చోటు మూసేసి, పైన రంగు పోసి రబ్బరు పలకతో ఒక్క లాగు లాగాలి. ఒక్కో రంగుకు ఒక్కో జాలీ. ఎరుపు పక్కన నీలం పడేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా కాగితం చెత్తబుట్టలోకే. నాకు ఒక్కసారిగా తెలిసిపోయింది. ఆర్మూరులో బస్టాండు వెనక పెళ్లి శుభలేఖలు వేసే షాపులో చేసేది ఇదే పని. ఆ మాట అంటే ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. పసుపు మీద బంగారు రంగు ఎలా నిలుస్తుందో, ఎంతసేపు ఆరబెడతారో ఒక్కొక్కటీ అడిగింది. నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి కూడా కొన్ని చెప్పాను.

టీ వచ్చింది. ఆమె కప్పును రెండు చేతులతో ఎత్తింది. అప్పటిదాకా చేతులను స్వెటర్ జేబుల్లో ఎందుకు ఉంచుకుందో అప్పుడు చూశాను. కప్పు సాసర్‌కు తగిలి గలగలమంటూనే ఉంది.

"మళ్లీ సంతకం పెడతాను. కానీ ఈ చెయ్యి నా మాట వినడం మానేసి చాలా రోజులైంది," అంది.

తిరిగి వస్తున్నప్పుడు నేను కారు కిటికీకి తల ఆనించుకుని కూర్చున్నాను. డాక్టర్ గారు నేను పశ్చాత్తాపపడుతున్నానని అనుకుని రేడియో పెట్టారు. నేను పడుతున్నది అంతకంటే చాలా కష్టమైనది. ఆ వణికే చెయ్యి పెట్టబోయే సంతకాల పక్కన నా నున్నటి ఇరవై ఎనిమిదిని ఊహించుకుంటున్నాను.

గ్యాలరీ నుంచి క్లేర్ వచ్చిన రోజు డైనింగ్ టేబుల్ మీద కొత్త దుప్పటి పరిచారు. పొడుగ్గా, మర్యాదగా, భూతద్దం మెళ్లో వేసుకుని వచ్చింది. డాక్టర్ గారు చెరిపిన సంగతి ఫోన్లోనే చెప్పేశారు. ఆమె పద్ధతి ప్రకారం, ఈడిత్ తన కళ్లముందు మళ్లీ సంతకాలు పెట్టాలి, పక్కన ఆ రోజు తారీఖు వెయ్యాలి, జరిగినదంతా దస్త్రంలో ఎక్కాలి. ఆ తర్వాత కూడా గ్యాలరీ కమిటీకి నమ్మకం కుదిరితేనే తీసుకుంటారు.

ఈడిత్ కూర్చుంది. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని పెన్సిల్ ఆనించింది. మొదటి సంతకానికి చాలాసేపు పట్టింది. గీత వణికింది, ఒకచోట ఆగింది, మళ్లీ బయలుదేరింది. వెంట్రుకవాసి తేడా లేకుండా రంగు పక్కన రంగు నిలబెట్టిన చెయ్యి, తన ఇంటిపేరులోని ఆరు ఇంగ్లీషు అక్షరాల కోసం అంత దూరం నడిచింది. ఒకటి, రెండు, మూడు. ఐదో కాగితం తర్వాత ఆంటీ ఆమెకు నీళ్లిచ్చింది. పదోది అయ్యేసరికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

క్లేర్ ఆ పదింటినీ ఒక పక్క పెట్టింది. చెరపకుండా మిగిలిన పన్నెండో కాగితాన్నీ, నా ఇరవై ఎనిమిదినీ ఇంకో పక్క పెట్టింది. భూతద్దంతో అటూ ఇటూ చూసి నిట్టూర్చింది. కొత్త సంతకాలకూ పాతవాటికీ పోలికే లేదని, కమిటీలో ప్రశ్నలు వస్తాయని చెప్పింది. తర్వాత నా కాగితం మీద వేలు ఆనించకుండా చూపించింది.

"అదృష్టం, ఈ రెండైనా మిగిలాయి. ముఖ్యంగా ఇది. చేతి ఊపు ఎంత స్పష్టంగా ఉందో చూడండి. మిగతావాటిని దీనితోనే పోల్చి చూపిస్తాం."

డాక్టర్ గారు నా వైపు గర్వంగా చూశారు. ఈడిత్ తన చేతులను మెల్లగా జేబుల్లో పెట్టుకుంది. ఆమె అసలు సంతకాలు పది, నా దొంగ సంతకం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. నోరు మూసుకుంటే అందరూ సంతోషంగా ఇంటికి వెళ్తారు. నేను నోరు మూసుకునే ఉన్నాను. ఒట్టు, నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

"అంకుల్, ఆ ఇరవై ఎనిమిది నేనే రాసిన."

మొదట్లో చెప్పానే, ఐదుగురం ఊపిరి మానేశామని, అది ఇప్పుడే. అదే మాట క్లేర్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె భూతద్దం దారంతో సహా వెనక్కి వాలిపోయింది. డాక్టర్ గారి ముఖం చూసే ధైర్యం లేక నేను టేబుల్ మీది దుప్పటి అంచు చూస్తూ నిలబడ్డాను.

మొదట మాట్లాడింది ఆంటీ. చాలా ప్రశాంతంగా, తెలుగులో.

"పన్నెండులో పదకొండు చెరిపానంది. ఒకటే మిగలాలి. రెండెలా మిగిలాయా అని నాలుగు రోజుల్నుంచి లెక్క చూస్తున్నా. అదే చెప్తుందిలే అని ఊరుకున్నా."

ఈడిత్ ఆ కాగితాన్ని తన దగ్గరికి జరపమంది. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసింది.

"నాకు తెలియాల్సింది. చివర చుక్క పెట్టింది. నేను ఏ పనినీ చుక్క పెట్టి ముగించను."

నిజమే. చిన్నప్పటి నుంచి పేరు రాశాక చుక్క పెట్టకపోతే మా టీచర్లు ఊరుకునేవాళ్లు కాదు. చెయ్యి అలవాటుగా పెట్టేసింది. పక్కనున్న పన్నెండో కాగితం మీద చుక్క లేదు. క్లేర్ మళ్లీ భూతద్దం ఎత్తి చూసి, ఆ మాట నిజమని ఒప్పుకుంది.

నా తప్పు ఒప్పుకోలు వల్ల ఒక మేలు జరిగింది. ఇంత అబద్ధాన్ని బయటపెట్టిన ఇంట్లో మిగతా మాటలు నిజమే అయి ఉంటాయని క్లేర్‌కు నమ్మకం కుదిరింది. డాక్టర్ గారు టార్చి వేసి పాత సంతకాల జాడలు చూపించారు. వణికే గీత పక్కనే, కాగితంలో ఇంకిన పాత గీత అదే వంపులో కనిపించింది. పోల్చుకోవడానికి అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదని క్లేర్ అంది. నా దొంగ సంతకాన్ని ఏం చెయ్యాలన్నదే మిగిలింది. చెరిపేస్తానని నేను ముందుకు వచ్చాను. నలుగురూ ఒక్కసారిగా టేబుల్‌కు అడ్డం నిలబడ్డారు.

ఒకసారి రుద్దిన కాగితాన్ని మళ్లీ రుద్దితే పైపొర లేచిపోతుందట. అందుకని అది అలాగే ఉండాలి. ఈడిత్ దాని పక్కనే తన సంతకం వణుకుతూ పెట్టింది, తారీఖు వేసింది. మొదటి సంతకం ఫలానా ప్రవళిక చేతిరాత అని, ఏ పరిస్థితుల్లో రాసిందో కూడా వివరంగా క్లేర్ దస్త్రంలో రాసుకుంది. నా పేరు స్పెల్లింగు రెండుసార్లు అడిగింది. పోలీసు స్టేషన్లో కూడా అంత మర్యాదగా అడగరు.

డాక్టర్ గారు ఆ రోజు నాతో ఒకే మాట అన్నారు. నన్ను బస్‌స్టాపు దాకా నడిపించి, బస్సు వస్తుండగా, "నాలుగు రోజులు బాగా నొప్పి పెట్టిందా అమ్మా?" అన్నారు. పెట్టిందన్నాను. "చెప్పేస్తే తగ్గే నొప్పి అది," అని టోపీ సర్దుకుని వెనక్కి వెళ్లిపోయారు. తర్వాతి వారం నుంచి ఫ్రేములు సర్దే పని కూడా నాకే ఇచ్చారు. రబ్బర్లు మాత్రం ఆంటీ పై అలమరలో పెట్టి తాళం వేసింది.

కమిటీ ఒప్పుకుంది. గది తెరిచిన రోజు పన్నెండూ తెల్ల గోడల మీద మెరిసిపోతున్నాయి. ఈడిత్ తన నారింజ స్వెటర్‌లో, కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి నవ్వుతూ ఏదో చెబుతూనే ఉంది. ఇరవై ఎనిమిదో నంబరు పక్కన చిన్న చీటీ మీద, ఇందులో మొదటి సంతకం ఎవరిదో అచ్చువేసి ఉంది. నేను సిగ్గుతో సగం చచ్చి, మిగతా సగంతో దానికి ఫోటో తీసి మా అమ్మకు పంపాను. జరిగినదంతా దాచకుండా ఫోన్లో చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, అర్థమైందంది.

ఆమెకు ఏం అర్థమైందో నాకు మూడు నెలల తర్వాత మా చిన్నమ్మ చెప్పింది. ఆర్మూరులో మా వీధివీధంతా ఆ ఫోటో చూసిందట. ఎవరో పక్కింటావిడ, మీ ప్రవళికకు బొమ్మలు గీయడం ఎప్పుడు వచ్చిందని అడిగిందట. మా అమ్మ కొంచెం కూడా తడబడకుండా చెప్పిందట:

"బొమ్మలు గీసేటోళ్లు వేరే ఉంటరు. మా బిడ్డ సంతకం పెడుతది."

ఆ రోజు నుంచి ఊళ్లో నేను కెనడా గ్యాలరీలో ఆఫీసర్‌ని. ఇద్దరు చుట్టాలు తమ పిల్లల సర్టిఫికెట్ల మీద అటెస్టేషన్ కావాలని నాకు కబురు కూడా పెట్టారు.

కాబట్టి తూర్పుకు తిరిగి, కుడి చెయ్యి చాచి, మీ అందరి సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరు రాసిన ఏ గీతనూ, అది బొమ్మ కింద ఉన్నా, వెనక ఉన్నా, కిరాణా చీటీ మీద ఉన్నా, నేను చెరపను. ఎవరి పేరూ నా చేత్తో రాయను. ఎవరికీ, ఎంత దగ్గర చుట్టమైనా సరే, అటెస్టేషన్ చెయ్యను. ఈ శపథాన్ని పెన్నుతో రాశాను.